కాలువ చూడకుండా చెరువులు కలిపితే: ఒక టీవీ, నాలుగు గేమ్ కన్సోళ్లు

వరంగల్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో గేమ్ కన్సోల్ ఇంటికి చేరే దారి ఒకటే అయి ఉండదు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మేనమామ సూట్‌కేసులో ఒకటి వస్తుంది. డాలస్‌లో ఉండే అన్న కొత్తది కొనుక్కుని ఇచ్చేసిన పాతది ఇంకొకటి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడి తెచ్చినది మూడోది. హనుమకొండలోనే వాయిదాల మీద తీసుకున్నది నాలుగోది. ప్లగ్గులు చూస్తే చాలు, వాటి ప్రయాణాలన్నీ తెలిసిపోతాయి. దుబాయ్‌ది మూడు పలకల కాళ్ల లావుపాటి ప్లగ్గు, అమెరికాది రెండు సన్నటి రేకులు, మనది గుండ్రటి పిన్నులు. వీటన్నిటినీ హాల్లో ఉన్న ఒకే టీవీకి కలపడం ఇప్పుడు చాలా ఇళ్లలో దసరా సెలవుల పంచాయతీ.

దుకాణంలో అడిగితే ఎదురయ్యే మొదటి ప్రశ్న: టీవీకి ఎన్ని హెచ్‌డీఎంఐ పోర్టులు (బొమ్మా శబ్దమూ ఒకే తీగలో తీసుకునే రంధ్రాలు) ఉన్నాయి? చాలకపోతే ఒక చిన్న డబ్బా చేతికిచ్చి పంపుతారు. లెక్క అక్కడితో తేలిందనుకుంటారు, తేలదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు ఉన్న నేల ఇది. పై చెరువు నీళ్లు కింది చెరువుకు చేరాలంటే చెరువుల సంఖ్య చూసి లాభం లేదు, మధ్యలో కాలువ ఎంత పారుతుందో చూడాలి. కన్సోల్ నుంచి టీవీకి, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు వెళ్లే బొమ్మా శబ్దమూ అంతే. దారిలో అన్నిటికంటే సన్నటి కాలువ ఏదో, గొలుసు మొత్తం దాని కొలతకే పారుతుంది. ఖరీదైన కన్సోల్, ఖరీదైన టీవీ ఉండి కూడా బొమ్మ ఆగి ఆగి వస్తోందని, తెర నల్లబడుతోందని వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ మధ్యదారిలో పుట్టేవే.

బొమ్మ సంగతి తర్వాత, ముందు కరెంటు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, అమెరికా ఇళ్లకు వెళ్లేది 120. సోనీ ప్లేస్టేషన్‌లైన పీఎస్4, పీఎస్5, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్, నింటెండో స్విచ్ అడాప్టర్ - ఇవన్నీ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారైనవి. కాబట్టి అమెరికాది తెచ్చినా ఇబ్బంది లేదు, తీగ మారిస్తే సరిపోతుంది. పీఎస్5కూ సిరీస్ ఎక్స్‌కూ వెనక ఉండేది ఎనిమిది అంకె ఆకారంలోని మామూలు రెండు కాళ్ల సాకెట్టు. దానికి సరిపడే తీగ ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. మల్టీ ప్లగ్గు తగిలించి దుబాయ్ ప్లగ్గునే నెట్టుకురావడం కంటే తీగ మార్చడం ఎంతో మేలు. వదులుగా కూర్చున్న ప్లగ్గు నిప్పురవ్వలు రాలుస్తుంది, కన్సోల్ ప్రాణం దాని మీదే ఉంటుంది. పాతవాటి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. అమెరికాలో కొన్న ఎక్స్‌బాక్స్ 360 ఇటుకరాయి లాంటి అడాప్టర్, తొలినాటి లావుపాటి పీఎస్2 మన కరెంటుకు పనికిరావు. స్విచ్ వేసిన క్షణంలోనే కాలిపోతాయి. వెనక అంటించిన కాగితం మీద 100-240 అని రాసి ఉందా, 120 దగ్గరే ఆగిందా అని చదవడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం మిగుల్చుకోబోయి కన్సోల్ పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

తర్వాత వేసుకోవాల్సిన ప్రశ్న కొంచెం నిష్ఠూరంగా ఉంటుంది: ఇన్ని కన్సోళ్లు టీవీ కింద నిజంగా ఉండాలా? పీఎస్5 దాదాపు అన్ని పీఎస్4 ఆటలనూ ఆడించగలదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక పోర్టు వృథా చేసుకోవడంలో అర్థం లేదు. పీఎస్4ను పడకగదిలోని చిన్న టీవీకి తగిలించవచ్చు, పర్కాలలోనో జనగామలోనో ఉన్న బావమరిదికి ఇచ్చేయవచ్చు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా తన పూర్వీకుల ఆటల్లో చాలావాటిని డిస్కు నుంచే ఆడిస్తుంది. సిరీస్ ఎస్‌కు డిస్కు పెట్టే చోటే లేదు కనుక పాత డిస్కులున్న ఇంట్లో అది పాతదాని స్థానం తీసుకోలేదు. పీఎస్3, పీఎస్2 డిస్కులను పీఎస్5 చదవదు, అవి ఉండాల్సిందే అంటే ఉండాల్సిందే. పీఎస్2 మీద మమకారానికి మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. ప్లేస్టేషన్ కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ఆట అని పేరుపొందిన 'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో వచ్చింది పీఎస్2 మీదే, తయారుచేసింది హైదరాబాద్‌లోని ఔరోనా టెక్నాలజీస్. ఆట బాగుందా అంటే అది వేరే చర్చ. ఆ డిస్కు మాత్రం ఈ కొత్త పెట్టెల్లో తిరగదు. ఇక నింటెండో స్విచ్‌కు వేరే కంపెనీ పెట్టె ఏదీ ప్రత్యామ్నాయం కాదు. దానిది వేరే లోకం, దాని ఆటలు నింటెండో పెట్టెల మీదే ఆడాలి.

ఇలా వడపోశాక మిగిలేది సాధారణంగా మూడు, మహా అయితే నాలుగు. ఇప్పుడు టీవీ వెనక్కి వెళ్లవచ్చు.

ఏ పోర్టు ఎంత పారుతుంది

హెచ్‌డీఎంఐ రంధ్రాలన్నీ చూపులకు ఒకేలా ఉంటాయి. ఆ పోలికే మోసం. 2009 నాటి 1.4 ప్రమాణంలో సెకనుకు 10.2 గిగాబిట్లు పారుతాయి. 2013లో వచ్చిన 2.0లో 18. 2017లో వచ్చిన 2.1లో 48 దాకా. పీఎస్3, తొలి పీఎస్4, తొలి నింటెండో స్విచ్ బయటికి పంపేది 1080 గీతల బొమ్మే కాబట్టి వాటికి ఏ రంధ్రమైనా ఒకటే. పీఎస్4 ప్రో, సిరీస్ ఎస్, స్విచ్ 2 లాంటివాటికి 18 గిగాబిట్ల దారి హాయిగా సరిపోతుంది. 4కే బొమ్మను, అంటే 1080 గీతల దానికి నాలుగింతల చుక్కలున్న దాన్ని, సెకనుకు 120 సార్లు పంపగల పీఎస్5కూ, సిరీస్ ఎక్స్‌కూ మాత్రమే ఆపైన దారి కావాలి.

కావాలి అన్నది కూడా టీవీని బట్టే. మన హాళ్లలో ఉన్న 43, 55 అంగుళాల 4కే టీవీల్లో అధిక భాగం సెకనుకు 60 సార్లు మాత్రమే తెర మార్చగలిగేవి. అలాంటి టీవీ ఉన్న ఇంట్లో 2.1 తీగ కొన్నా, 2.1 డబ్బా కొన్నా ఒరిగేదేమీ లేదు. తెర 60 దగ్గరే ఆగుతుంది. దుకాణదారు ఈ మాట చెప్పడు. ఇంకో చిక్కు ఉంది. హెచ్‌డీఎంఐ నిబంధనల ప్రకారం 2.1లోని కొత్త సౌకర్యాల్లో చాలావరకు ఐచ్ఛికం. అంటే 120 సార్లు పనిచేయని టీవీ మీద కూడా 2.1 అని రాసుకోవచ్చు, అందులో తప్పు పట్టడానికి లేదు. కనుక ఆ అంకెను నమ్మకుండా, టీవీ పుస్తకంలో 4కే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు) అనే మాట ఏ పోర్టు పక్కన రాసి ఉందో వెతకాలి.

ఆ మాట ఉన్న టీవీల్లో కూడా నాలుగు పోర్టులకు రెండే వేగవంతమైనవి కావడం మామూలు. తరచుగా ఆ రెంటిలో ఒకదాని పక్కనే ఈఆర్క్ అని రాసి ఉంటుంది. టీవీ నుంచి శబ్దం బయటికి వెళ్లే దారి అది, సౌండ్‌బార్ తగిలించాల్సింది దానికే. ఇక్కడే పేచీ. సౌండ్‌బార్ ఒక వేగపు పోర్టును మింగేస్తుంది, పీఎస్5 రెండోది తీసుకుంటుంది, సిరీస్ ఎక్స్‌కు మిగిలేది నెమ్మది పోర్టు. ఇక సెట్‌టాప్ బాక్సు ఎప్పుడో ఏదో ఒక రంధ్రంలో స్థిరపడి ఉంటుంది. తెలియక అది వేగపు పోర్టులోనే కూర్చుని ఉండటం చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం. కేబుల్ కుర్రాడు వచ్చిన రోజు చేతికి అందిన రంధ్రంలో పెట్టి వెళ్తాడు, అతడి తప్పేమీ లేదు. సెట్‌టాప్ బాక్సును అక్కడి నుంచి తీసి నెమ్మది పోర్టుకు మార్చడమే సగం ఇళ్లలో సమస్యకు పరిష్కారం, అదీ ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

రెండు వేగపు కన్సోళ్లు ఉండి, వేగపు పోర్టు ఒక్కటే మిగిలితే అప్పుడు తూకం వేసుకోవాలి. సెకనుకు 120 ఫ్రేముల్లో నడిచే ఆటలు పెద్దగా లేవు, ఎక్కువ ఆటలు 60 దగ్గరో 30 దగ్గరో ఆగేవే. వేగపు కాల్పుల ఆటలు ఏ కన్సోల్ మీద ఆడతారో దానికి ఆ పోర్టు ఇచ్చి, కథతో నెమ్మదిగా నడిచే ఆటల కన్సోల్‌ను 60కి వదిలేస్తే నష్టం కంటికి కనిపించదు.

తీగల విషయం ఒక్క మాటలో చెప్పవచ్చు. 48 గిగాబిట్ల తీగ మీద అల్ట్రా హై స్పీడ్ అన్న ముద్ర, ఫోనుతో స్కాన్ చేసి చూసుకునే గుర్తు ఉంటాయి. మామూలు రాగి తీగ అయితే మూడు మీటర్లకు మించకుండా చూసుకోవాలి. బంగారు పూత, అల్లిక తొడుగు చూసి డబ్బు పెట్టనక్కర లేదు.

మూడు స్విచ్‌ల గందరగోళం

పోర్టులు చాలనప్పుడు కొనాల్సిన డబ్బా పేరు హెచ్‌డీఎంఐ స్విచ్. నింటెండో స్విచ్ ఉన్న ఇంట్లో, గోడ మీది స్విచ్ పక్కన నిలబడి ఈ మాట మాట్లాడుకుంటే కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాదు. దీనికి తోడు దుకాణాల్లో స్ప్లిటర్ అనే ఇంకో డబ్బా ఉంటుంది, చూడటానికి రెండూ కవల పిల్లలు. స్ప్లిటర్ ఒక పెట్టె బొమ్మను రెండు మూడు టీవీలకు పంచుతుంది. పెళ్లి మండపాల్లో, హోటళ్లలో వాడేది అదే. స్విచ్ నాలుగు పెట్టెల్లోంచి ఒకదాన్ని ఎంచి టీవీకి పంపుతుంది. కాజీపేట జంక్షన్‌ను గుర్తు తెచ్చుకుంటే తికమక ఉండదు. సికింద్రాబాద్ వైపు నుంచి, బల్లార్షా వైపు నుంచి వచ్చిన పట్టాలు అక్కడ కలిసి ఒకే దారిన వరంగల్‌కు పోతాయి, ఒకసారి ఒక బండికే దారి ఇస్తారు. మనకు కావాల్సింది అలాంటి డబ్బా. స్ప్లిటర్ ఇంటికి తెచ్చి తిప్పి పెడితే పనిచేస్తుందేమోనని చూసేవాళ్లున్నారు. చేయదు.

స్విచ్‌లలో తనంతట తాను మారేవి ఉంటాయి, బొత్తం నొక్కితే మారేవి ఉంటాయి. తనంతట మారేది సుఖంగా అనిపిస్తుంది కానీ కన్సోళ్లు పూర్తిగా ఆగకుండా కునుకు తీస్తున్నప్పుడు కూడా తీగలో సన్నగా సంకేతం పంపుతూ ఉంటాయి. డబ్బా దాన్ని చూసి ఎవరో మేల్కొన్నారనుకుని ఆట మధ్యలో దారి మార్చేస్తుంది. బొత్తమో చిన్న రిమోటో ఉన్నదే నయం. దానికి వేరే 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వగలిగే రకమైతే ఇంకా నయం. తీగలోంచి దొరికే కొద్దిపాటి కరెంటుతో నెట్టుకొచ్చే డబ్బాలు 4కే బొమ్మ దగ్గర తడబడతాయి.

ఏ కన్సోళ్లను డబ్బా వెనక పెట్టాలన్నది ఆలోచించాల్సిన విషయం, దీని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. టీవీ తన రంగులు, వెలుగు, గేమ్ మోడ్ లాంటి అమరికలను పోర్టు వారీగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకే పోర్టు వెనక మూడు కన్సోళ్లు చేరితే మూడింటికీ ఒకే అమరిక. అలాగే టీవీ మెనూలో ప్రతి పోర్టుకూ వేరుగా, మెరుగైన సిగ్నల్ తీసుకోవాలా వద్దా అన్న మీట ఒకటి ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. అది ఆన్ చేయకపోతే 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మ) రాదు. ఆన్ చేస్తే కొన్ని పాత పెట్టెలు నల్ల తెర చూపిస్తాయి. అందువల్ల ఒకే వయసువాటిని ఒకచోట చేర్చడం తెలివైన పని. పీఎస్3, తొలి నింటెండో స్విచ్, సెట్‌టాప్ బాక్సు ఒక డబ్బా వెనక నెమ్మది పోర్టుకు వెళ్లాలి. పీఎస్5, సిరీస్ ఎక్స్ నేరుగా టీవీకి తగలాలి. ఈ పద్ధతిలో మధ్యలోని డబ్బా చవకదైనా పరవాలేదు, దాని మీదుగా పారేది కొంచెమే కాబట్టి. చవక డబ్బాను పీఎస్5కు అడ్డం పెట్టి, పీఎస్3ను వేగపు పోర్టులో కూర్చోబెట్టిన అమరికలు చూస్తే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియదు.

గేమ్ మోడ్ గురించి ఇక్కడే చెప్పుకోవాలి. బొత్తం నొక్కినప్పటి నుంచి తెర మీద మనిషి కదిలే దాకా పట్టే ఆలస్యం సినిమా అమరికలో వంద మిల్లీసెకన్లకు అటూ ఇటూ పోయే టీవీలున్నాయి. గేమ్ మోడ్‌లో అది పదీ ఇరవైకి దిగుతుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు కాబట్టి వంద అంటే ఆరు ఫ్రేములు వెనకబడి ఆడుతున్నట్టు. క్రికెట్ ఆటలో బంతి బ్యాటు దాటాక షాటు కొట్టడానికి అసలు కారణం ఇదే. కొత్త కన్సోళ్లు ఆట మొదలవగానే టీవీని గేమ్ మోడ్‌లోకి మార్చమని అడుగుతాయి. పాతవాటికి ఆ మాట రాదు. అవి ఉన్న పోర్టులో మనమే చేత్తో మార్చి అలాగే వదిలేయాలి.

శబ్దం ఎందుకు సన్నబడుతుంది

టీవీని కేంద్రం చేసుకుని అన్నీ దానికే తగిలిస్తే శబ్దం ఈఆర్క్ దారిలో సౌండ్‌బార్‌కు వెళ్తుంది. పాత టీవీల్లో ఉండేది ఆర్క్ మాత్రమే. పేరులో ఒక్క అక్షరం తేడా, పారకంలో చాలా తేడా. డాల్బీ డిజిటల్ లాంటి కుదించిన శబ్దమే ఆర్క్‌లో చుట్టుముట్టే స్పీకర్ల దాకా పోతుంది. కుదించని ఐదు స్పీకర్ల శబ్దం అందులో పట్టదు, రెండు స్పీకర్లకు కుంచించుకుపోతుంది. పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లలో శబ్దాన్ని డాల్బీలోకి మార్చి పంపే అమరిక ఉంది కనుక గండం గడుస్తుంది. నింటెండో స్విచ్ పంపేది కుదించని శబ్దం మాత్రమే, దానికి ఇంకో భాష రాదు. అందుకే ఆర్క్ టీవీ ఉన్న ఇంట్లో పీఎస్5 ఆడితే వెనక స్పీకర్లు మోగుతాయి, స్విచ్ ఆడితే మూగబోతాయి. స్పీకర్లు పాడయ్యాయని మెకానిక్‌ను పిలిచేముందు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. పాత హోం థియేటర్ వాళ్లు ఆప్టికల్ తీగ వెతుకుతారు. పీఎస్5లోనూ, సిరీస్ ఎక్స్, ఎస్‌లలోనూ ఆ రంధ్రమే లేదు. టీవీ వెనక ఉన్న దాన్ని వాడుకోవాలి.

ఇంకో దారి ఏవీ రిసీవర్. అన్ని కన్సోళ్లూ దానికి, దాని నుంచి ఒక్క తీగ టీవీకి. శబ్దం విషయంలో ఇంతకు మించినది లేదు. కానీ టీవీకి వెళ్లే ప్రతి బొమ్మా ఆ ఒక్క కాలువ గుండానే పారాలి. 2020లో వచ్చిన కొన్ని 2.1 రిసీవర్లలోని చిప్పు లోపం వల్ల సిరీస్ ఎక్స్ పంపే 4కే 120 బొమ్మ అసలు తెర మీదికే రాలేదు. కొన్నవాళ్లకు తర్వాత అదనపు పెట్టెలు పంపించాల్సి వచ్చింది. పాత సౌండ్‌బార్ల వెనక ఉండే హెచ్‌డీఎంఐ రంధ్రాల కథా ఇదే, వాటిలో చాలావరకు 4కే 60ని దాటనివ్వవు. ఈఆర్క్ ఉన్న టీవీ చేతిలో ఉంటే బొమ్మ నేరుగా టీవీకి, శబ్దం అక్కడి నుంచి సౌండ్‌బార్‌కు పంపడం అన్నిటికంటే తక్కువ తలనొప్పి. రిసీవర్ కొనాల్సింది ఐదో ఏడో స్పీకర్లు గోడలకు బిగించుకునే పిచ్చి ఉన్నవాళ్లే.

డబ్బా టీవీ కాలపు పెట్టెలు

పీఎస్2ను కొత్త టీవీకి తగిలించడం వేరే విద్య. పసుపు, ఎరుపు, తెలుపు రంగుల మూడు తీగలు పెట్టే రంధ్రాలు కొత్త టీవీల్లో కనిపించవు. వాటి బదులు ఇయర్‌ఫోను రంధ్రం లాంటిది ఒకటి ఏవీ అని రాసి ఉంటుంది, అదీ ఉంటే. దానికి దొరికే చిన్న తీగల్లో లోపలి వరస ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. బొమ్మ రాక గర్రుమని శబ్దం వస్తుంటే తీగ పోయిందనుకోనక్కర లేదు, పసుపు పిన్నును ఎరుపు చోటా తెలుపు చోటా పెట్టి చూస్తే చాలాసార్లు దారిలో పడుతుంది. అమెరికా పీఎస్2ను పాత డబ్బా టీవీకి పెడితే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. అప్పట్లో మన ప్రసారాలది పాల్ పద్ధతి, వాళ్లది ఎన్‌టీఎస్‌సీ, ఆ టీవీకి రెండో భాష రాకపోవడమే కారణం. కొత్త టీవీలకు ఈ పట్టింపు లేదు.

ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక డబ్బాలు చతురస్రానికి దగ్గరగా ఉండే పాత బొమ్మను అడ్డంగా సాగదీస్తాయి, ఆటలో పాత్రలన్నీ ఒక్కసారిగా ఒళ్లు చేసినట్టు కనిపిస్తాయి. టీవీ అమరికల్లో 4:3 ఎంచుకుంటే కొంత సర్దుకుంటుంది. పాత బొమ్మను ఆలస్యం లేకుండా పెద్దది చేసే రెట్రోటింక్ లాంటి మంచి పరికరాలున్నాయి, వాటి ధర పీఎస్2 ధరను మించిపోతుంది. హసన్‌పర్తి పాతింటి అటక మీద పనిచేసే డబ్బా టీవీ ఇంకా ఉంటే పీఎస్2కు దాన్ని మించిన జోడీ లేదు. తుపాకీ గురిపెట్టే పాత ఆటలైతే ఆ టీవీ మీద తప్ప ఆడనే ఆడవు. తెర మీద గీత గీతగా పరుగెత్తే వెలుగును బట్టే ఆ తుపాకీ గురి తెలుసుకుంటుంది, ఇప్పటి పలక టీవీల్లో అలాంటి పరుగు లేదు.

గోడ, అర, ఎండ

కొత్త ఇళ్లు కట్టేటప్పుడు టీవీ గోడలో తీగల కోసం పైపు వేయించుకోవడం ఇప్పుడు అలవాటే. ఎలక్ట్రీషియన్ తన దగ్గరున్న ముప్పావు ఇంచు పైపు వేసి వెళ్తాడు. కరెంటు తీగలకు అది సరిపోతుంది. హెచ్‌డీఎంఐ తీగకు చివర ఉండే తల రమారమి రెండు సెంటీమీటర్ల వెడల్పు, అది ఆ పైపులో దూరదు. వంపు దగ్గర అసలే దూరదు. లప్పం, రంగులు అన్నీ అయ్యాక ఈ సంగతి బయటపడుతుంది. ఆ తర్వాత టీవీ కింద నల్లటి జడలు వేలాడుతూ ఉండాల్సిందే. రెండంగుళాల పైపు, పదునైన మూల లేకుండా తిన్నగా, లోపల ఒక దారం వదిలి వేయమని ముందే చెప్పాలి. ఇల్లు కట్టే సమయంలో అయ్యే తేడా వందల్లోనే ఉంటుంది. అదే గోడలో కరెంటు తీగను, హెచ్‌డీఎంఐ తీగను ఒకే పైపులో వేయకుండా చూసుకోవాలి. రూటర్ నుంచి ఒక లాన్ తీగ కూడా అప్పుడే లాగి, టీవీ కింద ఐదు పోర్టుల గిగాబిట్ పెట్టె ఒకటి పెట్టుకుంటే కన్సోళ్లన్నీ దానికే తగులుతాయి. ఇప్పటి పెద్ద ఆట ఒక్కోటి వంద గిగాబైట్లు ఉంటుంది, వంద మెగాబిట్ల కనెక్షన్ మీద కూడా దిగడానికి రెండు గంటల పైమాటే. అది వైఫై మీద అయితే ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు ఊపిరాడక కొట్టుకుంటాయి.

అరల లెక్క ఇంకోటి. తొలి పీఎస్5 నిలబెడితే 39 సెంటీమీటర్లు, పడుకోబెడితే లోతు 26, వెనక తీగల వంపుకు ఇంకో నాలుగైదు. సన్‌మైకా అంటించిన టీవీ యూనిట్లలో అరల లోతు అంతంత మాత్రం, ముందు గాజు తలుపు. దుమ్ము పడకుండా ఆ తలుపు మూసి ఆడితే లోపల పెట్టె తన వేడిని తానే మళ్లీ పీల్చుకుంటుంది. పీఎస్5 పుస్తకంలో రాసిన పరిసర ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో వరంగల్‌లో బయట 43 దాటే రోజులుంటాయి, కూలర్ తిరిగే హాల్లోనే 35 ఉండటం కష్టం, మూసిన అర సంగతి చెప్పనక్కర లేదు. అర వెనక చెక్క పలకను కోయించి తెరిపించడం, రెండు కన్సోళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చకపోవడం, ఎండాకాలం పొద్దుటి పూటకో రాత్రికో ఆట మార్చుకోవడం - ఇంతకంటే పెద్ద మంత్రాలేమీ లేవు. కూలర్ గాలి నేరుగా కన్సోల్ మీదికి తిప్పడం మాత్రం వద్దు. అందులో తేమ ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు, పిడుగు పడినప్పుడు

నాలుగు కన్సోళ్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే కాలిపోతుందన్న భయం అవసరం లేదు. ఒకసారి ఆడేది ఒక్కటే. పీఎస్5 ఆటలో 200 వాట్ల దగ్గర, పెద్ద టీవీ, సౌండ్‌బార్ కలిపి ఇంకో 200. ఆరు ఆంపియర్ల సాకెట్టు 1,380 వాట్లు మోయగలదు. ఆ బోర్డుకే ఇస్త్రీపెట్టె కూడా తగిలించనంత వరకు చింత లేదు. ఇన్వర్టర్ మీద ఆడాలంటే దాని వెనక ఉండే యూపీఎస్ మీటను ఆ వైపు తిప్పి ఉంచాలి. లేకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటులో కన్సోల్ ఆగిపోతుంది. హార్డ్‌డిస్కు తిరిగే పీఎస్3, పీఎస్4లకు ఆ దెబ్బ ఎక్కువ తగులుతుంది.

అసలు ప్రమాదం కరెంటు తీగలో కంటే కేబుల్ తీగలో ఉంది. స్తంభాల మీదుగా వచ్చే ఆ తీగ పిడుగు పోటును సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ దారిలో టీవీలోకి, టీవీకి తగిలి ఉన్న అన్ని పెట్టెల్లోకి మోసుకొస్తుంది. ఉరిమితే ప్లగ్గులు పీకి ఆ తీగను మరిచిపోతే సగం పనే అయినట్టు. జూన్‌లో తొలకరి మబ్బు కమ్మగానే ముందు దాని మరను విప్పాలి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే కన్సోల్ వెనక ఇనుప భాగం ముట్టుకున్నప్పుడు చురుక్కుమంటుంది. అలాంటి చోట పవర్ వేసి ఉంచి హెచ్‌డీఎంఐ తీగ పెడుతూ తీస్తూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పోర్టు పోతుంది. అన్నీ ఆపి, ఆ తర్వాతే తీగ మార్చాలి.

బిల్లు సంగతి చూస్తే, ఎక్స్‌బాక్స్‌ను స్లీప్‌లో వదిలితే 15 వాట్ల దాకా లాగుతుంది, పూర్తిగా ఆపితే అర వాటు. 15 వాట్లంటే నెలకు దాదాపు 11 యూనిట్లు. పెద్ద లెక్కలా అనిపించదు. కానీ గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే ఇంట్లో, 193 దగ్గర ఆగాల్సిన మీటరును ఈ 11 యూనిట్లు 204కు తోస్తే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఎవరూ ఆడని కన్సోల్ అర్ధరాత్రి కునుకు తీస్తూ ఆ పని చేసిపెడుతుంది. సెట్టింగులలో ఆపే పద్ధతిని షట్‌డౌన్‌కు మార్చడానికి నిమిషం చాలు.

అన్నీ కుదిరాక మిగిలేది ఇంట్లోవాళ్ల గొడవ. హెచ్‌డీఎంఐ సీఈసీ అనే సౌకర్యం ఉంటుంది, ఒక్కో టీవీ కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది. కన్సోల్ ఆన్ చేస్తే టీవీ తానే వెలిగి ఆ పోర్టుకు మారుతుంది, టీవీ ఆపితే కన్సోల్ కూడా పడుకుంటుంది. ఒక్క కన్సోల్ ఉన్నప్పుడు ఇది వరం. నాలుగు ఉన్నప్పుడు ఎవరు ఎవరిని లేపుతున్నారో తెలియదు. ఛార్జింగ్‌కు పెట్టిన కంట్రోలర్ బొత్తం పిల్లవాడి చెయ్యి తగిలి నొక్కుకుంటే, రాత్రి ఏడున్నర సీరియల్ మధ్యలో తెర మీద పీఎస్5 గుర్తు ప్రత్యక్షమవుతుంది. ఆట ఎక్కువగా ఆడే ఒక్క కన్సోల్‌కు మాత్రం ఈ సౌకర్యం ఉంచి మిగతావాటిలో ఆపేయాలి. టీవీ మెనూలో హెచ్‌డీఎంఐ 1, 2 అన్న పేర్లు తీసేసి కన్సోల్ పేర్లే పెట్టుకోవాలి. సెట్‌టాప్ బాక్సు ఉన్న పోర్టుకు అమ్మమ్మ టీవీ అని రాసి, టీవీ పెట్టగానే మొదట అదే వచ్చేలా అమర్చాలి. డబ్బా వెనక సెట్‌టాప్ బాక్సు ఉన్న ఇళ్లలో ఆట అయిపోయాక ఆ బొత్తాన్ని తిరిగి ఒకటో నంబరుకు తెచ్చి లేవడం ఆడినవాళ్ల పని.